గండికోట ప్యానోలో బండ రెండుగా ఎందుకొచ్చింది, ఉన్న ఫోటోలతోనే ఎంతవరకు బాగుచేయొచ్చు

తమ్ముడూ, నువ్వు పెట్టిన ఫోటో డౌన్‌లోడ్ చేసి పెద్దది చేసి చూసినాను. నువ్వు చెప్పింది ఇదీ: గండికోటలో లోయ అంచున నిలబడి, ట్రైపాడ్ లేకుండా, 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ కెమెరాకి 18-55 కిట్ లెన్స్ పెట్టి 18 దగ్గర ఉంచి, కెమెరా అడ్డంగా పట్టుకుని, ఆటో మోడ్‌లో ఎడమ నుంచి కుడికి 11 ఫోటోలు కొట్టినావు, అవన్నీ అతికి ఒకే వెడల్పు ఫోటో, అంటే ప్యానోరమా (ప్యానో) చేద్దామని. ఇంటికొచ్చి ఫోటోలు అతికే హగిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ముందున్న బండ రెండుగా వచ్చింది, ఆకాశంలో నిలువు చారలు పడినాయి, అవతలి గట్టు నవ్వే మూతిలాగా వంగిపోయింది. "సాఫ్ట్‌వేర్ మార్చాలా అన్నా, లేకపోతే లెన్స్ మార్చాలా" అని అడిగినావు. రెండూ వద్దు, డబ్బు జేబులోనే ఉంచుకో. నేను 2009 నుంచి పెళ్ళిళ్ళు తీసి బతుకుతున్నాను, సీజన్ లేనప్పుడు కొండలూ లోయలూ పట్టుకుని తిరుగుతాను, నువ్వు చేసిన ప్రతి తప్పూ నేను నీకంటే ఖరీదుగా చేసినాను, అది కింద చెప్తా.

ముందు ఒకటి అర్థం చేసుకో. నీ ఫోటోలో మూడు జబ్బులున్నాయి, మూడింటికీ వేరే వేరే కారణాలు. చారలకి కారణం ఆటో మోడ్. వంపుకి కారణం లెవెల్ లేకపోవడం, కొంత ప్రొజెక్షన్, అంటే చుట్టూ తిరిగి చూసినదాన్ని చదునైన ఫోటోగా పరిచే పద్ధతి. ఈ రెండూ కంప్యూటర్‌లో సరిచేయొచ్చు. బండ మాత్రం అట్లా కాదు, అది నువ్వు నిలబడిన చోటే చెడిపోయింది, అందుకే దాని గురించే ఎక్కువ చెప్తా.

జమ్మలమడుగు నుంచి గండికోటకి బస్సులో పోయినావు కదా, కిటికీ పక్కన కూర్చుంటే రోడ్డు పక్క తుమ్మచెట్లు వెనక్కి పరిగెత్తుతాయి, దూరంగా ఉన్న ఎర్రమల కొండలు మాత్రం కదలకుండా మనతోపాటే వస్తున్నట్టు ఉంటాయి. బస్సు కదిలింది అంతే, చెట్టూ కదల్లేదు కొండా కదల్లేదు. దీన్నే పారలాక్స్ అంటారు. నువ్వు లోయ అంచున అచ్చం ఆ బస్సులాగే చేసినావు. కెమెరా కంటి దగ్గర పెట్టుకుని నడుము తిప్పుతూ కొడితే తిరిగేది కెమెరా కాదు, నువ్వు. నీ వెన్నెముక ఇరుసు, కెమెరా ఆ ఇరుసుకి అడుగుకి పైగా ముందు ఉంటుంది, అంటే నువ్వు తిరిగే కొద్దీ కెమెరా బండిచక్రం అంచు మీద ఉన్నట్టు గుండ్రంగా పక్కకి జరుగుతా పోతుంది.

ఎంత జరిగిందో లెక్క వేస్తే నీకే తెలుస్తుంది. నీ కెమెరాకి 18 ఎంఎం దగ్గర అడ్డంగా సుమారు 66 డిగ్రీలు కనిపిస్తుంది. ఫోటో వెడల్పు 6000 పిక్సెల్స్, అంటే డిగ్రీకి 90 పిక్సెల్స్ చొప్పున. మొత్తం 200 డిగ్రీలు తీసినావనుకుంటే 11 ఫోటోల్లో ఒక్కో ఫోటోకి నువ్వు తిరిగింది 13 డిగ్రీలు. ఇరుసు నుంచి 35 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కెమెరా 13 డిగ్రీలు తిరిగితే 8 సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది. ఇప్పుడు రెండు మీటర్ల దూరంలో ఉన్న ఆ బండ సంగతి చూడు, 8 సెంటీమీటర్లకి అది రెండు డిగ్రీల పైన జరిగినట్టు కనిపిస్తుంది, అంటే సుమారు 200 పిక్సెల్స్. అవతలి గట్టు 200 మీటర్ల దూరంలో ఉందనుకో, అదే 8 సెంటీమీటర్లకి అది జరిగేది రెండే రెండు పిక్సెల్స్. గట్టు కలిసేటట్టు ఫోటోలు పేరిస్తే బండ 200 పిక్సెల్స్ తప్పుతుంది, బండ కలిసేటట్టు పేరిస్తే గట్టు తప్పుతుంది, రెండూ కలిసే మార్గం ఏ సాఫ్ట్‌వేర్‌కీ లేదు. ఎందుకంటే ఆ రెండు ఫోటోలూ ఒకే చోటి నుంచి తీసినవి కావు. లక్ష రూపాయల లెన్స్ పెట్టినా ఇదే లెక్క.

ఇంకోవైపు చూస్తే ఇది శుభవార్త కూడా. ముందు దగ్గరగా ఏమీ లేకపోతే, అంటే ఫ్రేమ్‌లో ఉన్న అన్నింటికంటే దగ్గరి వస్తువు వంద మీటర్ల అవతలే ఉంటే, చేతిలో పట్టుకుని ఎట్లా తిరిగినా పెద్దగా తేడా రాదు. ట్రైపాడ్ లేకుండా ప్యానో తీయకూడదు అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళ మాట సగమే నిజం. కొండ మీద నుంచి దూరం కొండలు తీయడానికి చెయ్యి చాలు. కాలి దగ్గర బండ, రెయిలింగ్, చెట్టుకొమ్మ, కోట బురుజు అంచు ఫ్రేమ్‌లోకి వచ్చిందంటేనే తంటా మొదలు.

సరే, ఇప్పుడు ఉన్న ఫోటోల సంగతి. మల్లా గండికోటకి పోయి తీయమని చెప్పడం తేలిక, పెట్రోల్ ఎవరిస్తారు.

హగిన్ తెరిచి ఆ 11 ఫోటోలూ వేయొద్దు. 1, 3, 5, 7, 9, 11 ఈ ఆరే వెయ్యి. ఎందుకంటే 66 డిగ్రీల ఫ్రేమ్‌కి 13 డిగ్రీలే తిరిగినావు కాబట్టి పక్కపక్క ఫోటోలు 80 శాతం ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, అంత అక్కర్లేదు. ఎంత ఎక్కువ ఓవర్‌ల్యాప్ ఉంటే అంత బాగా అతుకుతుంది అనుకుంటారు చాలామంది, నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. కానీ ఎన్ని ఫోటోలుంటే అన్ని అతుకులు, ఆ బండ ఐదు ఫోటోల్లో ఐదు చోట్ల కనిపిస్తే సాఫ్ట్‌వేర్ ఒక ముక్క ఇక్కడ ఒక ముక్క అక్కడ తెచ్చి పెడుతుంది. ఆరు ఫోటోలతో ఇంకా 60 శాతం ఓవర్‌ల్యాప్ మిగులుతుంది, అదే ఎక్కువ.

ఇంకో మాట, హగిన్‌లో వేసే ముందు ఫోటోల్ని క్రాప్ చేయొద్దు, ఒక్కోదానికి వేరే వేరే ఎడిటింగ్ కూడా చేయొద్దు. హగిన్ ఫోటో లోపల దాచిన సమాచారం చదివి ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీసినావో చూసుకుంటుంది, ఫోటో మధ్యే లెన్స్ మధ్య అనుకుంటుంది, నువ్వు పక్కన కోసేస్తే ఆ లెక్కంతా తప్పుతుంది.

తర్వాత కంట్రోల్ పాయింట్లు, అంటే రెండు ఫోటోల్లోనూ కనిపించే ఒకే చోటికి పెట్టే గుర్తులు. ఇక్కడ లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే మంచిది, లేకపోతే బటన్లు నొక్కడమే అవుతుంది. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫోటోలో గుర్తుపట్టదగ్గ చుక్కలు వెతుకుతుంది, రాయి మూల, పగులు, పొద అంచు ఇట్లాంటివి, ఫోటో కొంచెం తిరిగినా చిన్నదైనా పెద్దదైనా మల్లా దొరికేవి. ఆ చుక్కల్ని పక్క ఫోటోలోని చుక్కలతో జత చేస్తుంది, జతల్లో అబద్ధపు జతల్ని ఏరి పారేస్తుంది, మిగిలినవాటితో ఏ ఫోటో ఎంత తిరిగిందో లెక్క కడుతుంది. ఈ చుక్కలు వెతికే పద్ధతి కెనడాలో డేవిడ్ లోవ్ అనే ఆయన 1999లో బయటపెట్టినాడు, ఆయనా మాథ్యూ బ్రౌన్ కలిసి 2003లో దాన్ని ప్యానోలకి వాడి, చెయ్యి పెట్టకుండానే ఫోటోలు వాటంతట అవే కలిసేటట్టు చేసినారు. అంతకుముందు మనిషి కూర్చుని ఒక్కో చుక్కా మౌస్‌తో గుర్తుపెట్టాల్సి వచ్చేది. హగిన్‌కి పునాది అయిన ప్యానోరమా టూల్స్, జర్మనీ ప్రొఫెసర్ హెల్ముట్ డెర్ష్ 1998లో మొదలుపెట్టింది, ఆ కాలం పద్ధతి అదే. ఇప్పటికీ హగిన్‌లో ఆ చేత్తో పెట్టే సౌకర్యం ఉంది, నీకు పనికొచ్చేది అదే.

నీ కేసులో ఏమయింది? బండ మీద మంచి గరుకు ఉంది, పగుళ్ళున్నాయి, నాచు మరకలున్నాయి, సాఫ్ట్‌వేర్‌కి అది పండగ. చుక్కలు సగం బండ మీదే పెట్టుకుంది. మిగతా సగం గట్టు మీద. ఇద్దరికీ నచ్చేటట్టు తీర్పు చెప్పబోయి ఎవరికీ నచ్చని తీర్పు చెప్పింది. కాబట్టి ఎక్స్‌పర్ట్ ఇంటర్‌ఫేస్‌లోకి పోయి, కంట్రోల్ పాయింట్స్ ట్యాబ్‌లో ఒక్కో జతా తెరిచి బండ మీద, నీ కాళ్ళ దగ్గరి గడ్డి మీద ఉన్న పాయింట్లన్నీ తీసెయ్. మొహమాటపడొద్దు, వంద పోయినా పర్వాలేదు, జతకి పది పదిహేను మంచివి ఉంటే చాలు, అవి అవతలి గట్టు మీద ఎడం ఎడంగా పరుచుకుని ఉండాలి. అన్నీ ఒక మూలలో గుంపుగా ఉంటే ఆ మూల కలుస్తుంది, మిగతాది ఊగుతుంది. మేఘాల మీద ఉన్నవి కూడా తీసెయ్, మేఘం కదులుతుంది కదా, దానికి సెలెస్ట్ అని హగిన్‌లోనే ఒక బటన్ ఉంది, అది ఆకాశం పాయింట్లు గుర్తుపట్టి తీసేస్తుంది, అయినా ఒకసారి నీ కళ్ళతో చూసుకో. నీళ్ళ మీదవి కూడా అంతే, పెన్నలో నీళ్ళు కదలనట్టే కనిపిస్తాయి గాని వెలుగు తళుకులు ఫోటో ఫోటోకి మారుతాయి.

తీసేసినాక ఆప్టిమైజ్ కొట్టు, మొదట పొజిషన్స్ (ఏ ఫోటో ఎంత తిరిగిందో) ఒక్కటే, అది నిలదొక్కుకున్నాక వ్యూ (ఎన్ని డిగ్రీలు కనిపిస్తుందో), తర్వాత బ్యారెల్ (లెన్స్ తెచ్చే వంపు). 18 దగ్గర కిట్ లెన్స్ గీతల్ని బయటికి ఉబ్బిస్తుంది కాబట్టి ఆ బ్యారెల్ లెక్క నీకు అవసరమే. మొదటే ఎవ్రీథింగ్ నొక్కితే ఉన్న తప్పుల్ని దాచడానికి అది లెన్స్‌నే వంకర అని తేల్చేస్తుంది, చూసినాను. జత చుక్కల మధ్య సగటు దూరం మూడు పిక్సెల్స్ లోపు వస్తే హాయిగా ఉండు, ఐదు వచ్చినా చేతి ఫోటోలకి ఫర్వాలేదు. పట్టికలో దూరం ఎక్కువున్న పాయింట్ పైకి తెచ్చుకుని అదేంటో చూసి తీసెయ్, మల్లా ఆప్టిమైజ్, ఇట్లా మూడు నాలుగు సార్లు.

ఇప్పుడు గట్టు కలిసిపోతుంది, బండ ఇంకా రెండుగానే ఉంటుంది, భయపడొద్దు. మాస్క్ ట్యాబ్‌కి పో. బండ మొత్తం, అంచుల్తో సహా నిండుగా కనిపించే ఫోటో ఒకటి చూసుకో, 5 గానీ 7 గానీ అయ్యుంటుంది. ఆ ఒక్క ఫోటోలో బండ చుట్టూ గీత గీసి ఇంక్లూడ్ రీజియన్ అని పెట్టు. అంటే అక్కడ ఈ ఫోటోనే వాడు, మిగతావాటిని పట్టించుకోవద్దు అని. బండ ఒక్క ఫోటో నుంచే వస్తే అది రెండుగా రాదు, తప్పు అంతా బండకీ దాని వెనకాల ఉన్న మట్టికీ మధ్య అంచులోకి పోతుంది. ఆ గీత బండ అంచుని ఒరుసుకుంటూ గీయకుండా గడ్డి, మట్టి, నీడ ఇట్లాంటి చోట్ల నుంచి పోనివ్వు, అతుకు అక్కడ పడితే ఎవరికీ కనపడదు. గడ్డిపరక సగంలో తెగినా ఎవరు చూస్తారు, బండ పగులు సగంలో తెగితే అందరూ చూస్తారు. అతుకు ఎక్కడ వేస్తున్నాం అన్నదే ఇందులో పనితనం. చీరకి కుచ్చిళ్ళ లోపలికి పోయే చోట రఫ్ఫు చేయించుకుంటారు చూడు, అట్లాగన్నమాట.

ఇక్కడే నా మేక కథ చెప్పాలి. కొన్నేళ్ళ కింద ఒక లాడ్జి ఓనర్ రిసెప్షన్ గోడకి 12 అడుగుల గండికోట ప్యానో కావాలన్నాడు, నేను ఏడు ఫ్రేములు కొట్టి కలిపి, స్క్రీన్ మీద మొత్తం ఒకసారి చూసుకుని, బ్రహ్మాండం అనుకుని ప్రింట్‌కి ఇచ్చేసినాను. గోడకి తగిలించినాక ఓనర్ మనవరాలు, ఐదేళ్ళు కూడా ఉండవు, దగ్గరికి పోయి "తాతా, ఈ మేకకి ఆరు కాళ్ళు" అంది. నిజంగానే ఆరు. రెండు ఫ్రేముల మధ్య మేక ఒక అడుగు ముందుకి వేసింది, తలా ముందుకాళ్ళూ ఒక ఫోటో నుంచి, వెనకభాగం ఇంకో ఫోటో నుంచి, పైగా కడుపు కింద ఇంకో జత. ప్రింట్ డబ్బులు నేనే పెట్టుకుని మల్లా వేయించినాను. అప్పట్నుంచి ఎక్స్‌పోర్ట్ చేసినాక 100 శాతం జూమ్‌లో పెట్టి ఎడమ నుంచి కుడికి, మల్లా కుడి నుంచి ఎడమకి మొత్తం ఒక రౌండ్ చూడందే బయటికి పంపను. నువ్వూ చూడు, నీ ఫోటోలో కుడివైపు ఎర్రచొక్కా ఆయన ఒకాయన రెండు చోట్ల ఉన్నాడు, గమనించినట్టు లేవు. ఆయన్ని ఒక ఫోటోలో ఎక్స్‌క్లూడ్ రీజియన్ పెట్టి తీసెయ్.

చారలు. ఆటో మోడ్‌లో కెమెరా సూర్యుడి వైపు తిరిగినప్పుడు ఫోటో నల్లగా చేసింది, నీడ వైపు తిరిగినప్పుడు తెల్లగా చేసింది. దానికి తోడు కిట్ లెన్స్ మూలల్లో కొంచెం చీకటి పెడుతుంది, రెండు ఫోటోల చీకటి అంచులు పక్కపక్కన పడితే ఆకాశంలో నిలువు పట్టీలాగా వస్తుంది, ఆకాశం ఖాళీగా ఉంటుంది కాబట్టి అక్కడే బయటపడుతుంది. ఫోటోమెట్రిక్ ఆప్టిమైజ్ అని ఉంది, అది ఒక్కో ఫోటో ఎక్స్‌పోజర్, మూలల చీకటి, వైట్ బ్యాలెన్స్ లెక్కేసి సమానం చేస్తుంది, అది కొట్టు. చివర్లో ఎన్‌బ్లెండ్ అనేది అతుకుల్ని పూడుస్తుంది. దాని వెనక ఉన్నది 1983లో బర్ట్, అడెల్సన్ అనే ఇద్దరు రాసిన పద్ధతి, ఇప్పటికీ అదే నడుస్తోంది, దాని తెలివి చూస్తే ముచ్చటేస్తుంది: ఆకాశంలాగా నిదానంగా మారే వాటిని వెడల్పు పట్టీలో కలుపుతుంది, రాళ్ళ గరుకులాంటి సన్నవాటిని సన్న పట్టీలో కలుపుతుంది. అందుకే ఆకాశం మెల్లగా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జారుతుంది, రాయి మసకబారదు. అయితే నీ మూడో ఫోటోలో సూర్యుడి పక్కన ఆకాశం పూర్తిగా తెల్లగా కాలిపోయింది, అందులో రంగే లేదు, లేనిదాన్ని ఎవరూ తేలేరు. రా ఫైల్ (సెన్సర్ పట్టినదంతా ఉండే ఫైలు) ఉంటే కొంత దక్కేది, నువ్వు జెపెగ్ ఒక్కటే అన్నావు. అంతా కలిపినాక అక్కడిదాకా క్రాప్ చేసెయ్, ఆ వైపు ఎలాగూ ఏమీ లేదు.

ఇంక వంపు. ఫాస్ట్ ప్యానోరమా ప్రివ్యూలో స్ట్రెయిటెన్ నొక్కితే సగం పోతుంది. మిగతాది మూవ్/డ్రాగ్ ట్యాబ్‌లో ఫోటో మధ్య భాగం పట్టుకుని మెల్లగా పైకో కిందకో లాగితే నవ్వే మూతి తిన్నగా అవుతుంది, ఎక్కువ లాగితే ఏడుపు మూతి అవుతుంది, మధ్యలో ఆపు. సముద్రం అయితే నీళ్ళ గీత ఉంటుంది కాబట్టి తేలిక, గండికోటలో దూరంగా ఉన్న పీఠభూమి పైఅంచునే గీత అనుకోవాలి. కొంతమంది లోయలో పెన్న నీటి అంచుని పట్టుకుని దానికి హారిజాంటల్ లైన్ పాయింట్లు పెడతారు, అది తప్పు. అది నీ కంటికి చాలా కింద ఉంది, కంటి ఎత్తులో ఉన్న దూరం గీత ఒక్కటే ప్యానోలో తిన్నగా వస్తుంది, దానికి పైనా కిందా ఉన్న గీతలు వంగాలి, వంగడమే న్యాయం.

దీని గురించి ఇంకొంచెం, ఎందుకంటే నువ్వు రాసిన దాంట్లో "నది నిజానికి ఇట్లా వంకర లేదన్నా" అన్న మాట ఉంది. రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎడమకి చూడు, పట్టాలు దూరంగా పోయి కలుస్తాయి. కుడికి చూడు, అక్కడా కలుస్తాయి. ఎదురుగా చూస్తే వెడల్పుగా ఉంటాయి. ఈ మూడు చూపులూ ఒకే కాగితం మీద పక్కపక్కన పెడితే పట్టాలు విల్లులాగా వంగక ఏం చేస్తాయి? నువ్వు 200 డిగ్రీలు తీసినావు, నీ రెండు భుజాల వెనక్కి కూడా చూసినట్టు. సిలిండ్రికల్ ప్రొజెక్షన్‌లో నది విల్లే. రెక్టిలీనియర్ ప్రొజెక్షన్ పెడితే తిన్నగా ఉంటుంది గాని 120 డిగ్రీలు దాటితే అంచులు సాగిపోయి బబుల్‌గమ్ అవుతాయి, 180 దగ్గర అసలు సాధ్యమే కాదు. మధ్యలో పనీనీ అని ఒకటి ఉంది, కోట గోడలు, గోపురాలు ఉన్న ఫోటోలకి అది బాగా పనిచేస్తుంది. నా మాట వినేటట్టయితే నీది 130, 140 డిగ్రీలకి కోసెయ్. ఎడమ చివర ముళ్ళపొదలు, కుడి చివర పార్కింగ్ వైపు జనం, అవి ఎవరికి కావాలి. ఎంత వెడల్పు తీస్తే అంత గొప్ప అనే పిచ్చి మొదట్లో అందరికీ ఉంటుంది, ఫోన్‌లో చూస్తే అగ్గిపుల్ల మీద గీసిన బొమ్మలాగా ఉంటుంది. వెడల్పు ఎత్తుకి రెండింతలు, మహా అయితే మూడింతలు, అంతకంటే పొడవు నేను గోడకి తప్ప తీయను.

మల్లా పోయినప్పుడు ఎట్లా తీయాలో చెప్తా. కెమెరా నిలువుగా పట్టుకో. 24 దగ్గర పెడితే నిలువుగా ఫ్రేమ్ వెడల్పు 36 డిగ్రీలు, మూడో వంతు ఓవర్‌ల్యాప్ వదిలితే ఒక్కోసారి 24 డిగ్రీలు తిరగాలి, 180 డిగ్రీలకి ఏడు ఫ్రేములు సరిపోతాయి. డిగ్రీకి 111 పిక్సెల్స్ చొప్పున వెడల్పు 20,000 పిక్సెల్స్ వస్తుంది, క్రాప్ పోగా ఎత్తు 5000, అంటే వంద మెగాపిక్సెల్. 12 అడుగుల ప్రింట్‌కి అంగుళానికి 138 పిక్సెల్స్ పడతాయి, నాలుగడుగుల దూరం నుంచి చూసేదానికి అది ఎక్కువే. నీ ల్యాప్‌టాప్ మాత్రం కొంచెం మూలుగుతుంది, 16 బిట్ టిఫ్ చేస్తే ఆ ఫైలు ఒక్కటే 600 ఎంబీ.

మాన్యువల్ మోడ్, ఎఫ్ 8, ఐఎస్ఓ 100. సెట్‌లో అన్నింటికంటే వెలుగున్న వైపు తిరిగి, ఆకాశం కాలిపోకుండా షట్టర్ చూసుకుని, అదే మొత్తానికీ ఉంచు. నీడ ఫ్రేములు చీకటిగా ఉన్నాయని చెయ్యి దురదపెట్టి మార్చొద్దు. వైట్ బ్యాలెన్స్ ఎండ గుర్తు మీద పెట్టు, ఫోకస్ ఒకసారి గట్టు మీద చేసి మాన్యువల్‌కి మార్చెయ్. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసి సంచిలో పెట్టు, సూర్యుడికి 90 డిగ్రీల వైపున్న ఆకాశాన్నే అది బాగా నీలం చేస్తుంది, వెడల్పు ఫోటోలో అది ఆకాశం మధ్యలో ముదురు మరకలాగా పడుతుంది, దాన్ని ఏ ఆప్టిమైజూ సరిచేయదు. మొదలుపెట్టే ముందు అరచెయ్యి ఒక ఫోటో తీసుకో, అయిపోయినాక ఇంకో చెయ్యి ఫోటో, ఇంటికొచ్చినాక ఏది ఏ సెట్టో తెలుస్తుంది. మేఘాలున్నప్పుడు గబగబా కొట్టు, ఏడు ఫ్రేములకి పది సెకన్లు మించొద్దు.

ఇక అసలు కిటుకు, తిరగడం. నిలబడిన చోటే నడుము తిప్పొద్దు, కెమెరా చుట్టూ నువ్వు తిరగాలి. లెన్స్‌ని ముందు నుంచి చూస్తే లోపల చిన్న రంధ్రం కనిపిస్తుంది కదా, ఆ రంధ్రం ఉన్నట్టు కనిపించే చోటే ఇరుసు కావాలి, దానిమీద తిరిగితే దగ్గరివీ దూరానివీ ఒకదానికొకటి జరగవు. నా పద్ధతి పైసా ఖర్చు లేనిది: మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుదారం లాంటిది ఒకటి, దారానికి ఒక నట్టు కట్టి లెన్స్ చుట్టూ రబ్బరుబ్యాండ్‌తో వేలాడదీస్తా. కింద నేలమీద ఒక రూపాయి బిళ్ళ పెడతా. ప్రతి ఫోటోకీ నట్టు బిళ్ళ మీదే ఉండేటట్టు చూసుకుంటూ నేను కెమెరా చుట్టూ చిన్న చిన్న అడుగులేస్తా. చూసేవాళ్ళు ఏదో పూజ చేస్తున్నాడనుకుంటారు, అనుకోనీ. తప్పు 8 సెంటీమీటర్ల నుంచి ఒకటికి తగ్గుతుంది, బండ దగ్గర 200 పిక్సెల్స్ పోయి ఇరవై ముప్పై మిగులుతుంది, అది మాస్క్‌తో దాచడం చిటికెలో పని.

కానీ ఇది లోయ అంచున చేయొద్దు, చెప్తున్నా. గండికోటలో ఆ బండల దగ్గర చాలా చోట్ల రెయిలింగ్ లేదు, కెమెరాలో కన్ను పెట్టి వెనక్కి అడుగేయడం కంటే మూర్ఖత్వం లేదు. అంచుకి మూడు నాలుగు మీటర్లు లోపల సమంగా ఉన్న చోట నిలబడు.

ట్రైపాడ్ ఉంటే మంచిదే, కాకపోతే బాల్ హెడ్ (ట్రైపాడ్ పైన కెమెరాని వంచే గుండు) మీద లెవెల్ చేస్తే సరిపోదు, కింద కాళ్ళే లెవెల్‌గా ఉండాలి, లేకపోతే ఇరుసే వంగి ఉంటుంది, తిప్పే కొద్దీ గీత ఎక్కుతూ పోతుంది. కెమెరాని ముందుకీ వెనక్కీ జరిపి ఆ రంధ్రాన్ని ఇరుసు మీదికి తెచ్చే స్లైడర్ పట్టీ కొంటే కొనుక్కో, దాని సరైన స్థానం కనుక్కోడానికి ఇంట్లో కిటికీ చువ్వనీ వీధి చివర కరెంటు స్తంభాన్నీ ఒకే గీతలో పెట్టి కెమెరా ఎడమకీ కుడికీ తిప్పు, రెండూ విడిపోతే స్లైడర్ జరుపు, విడిపోని చోట మార్కర్‌తో గీత పెట్టుకో.

ఇంతా చదివి అతుకు కనపడితే జీవితం పోయినట్టు అనుకోకు. 1858లో ఫెలీచే బియాటో లక్నోలో మేడ మీదికి ఎక్కి ఊరంతా గాజుపలకల మీద ఫ్రేము తర్వాత ఫ్రేము తీసి, ప్రింట్లు పక్కపక్కన అంటించి ప్యానో చేసినాడు, అతుకులు గీతల్లా కనిపిస్తూనే ఉంటాయి, ఇవాళ్టికీ మ్యూజియముల్లో పెట్టి చూస్తున్నారు.

వేరే సాఫ్ట్‌వేర్ అడిగినావు కాబట్టి: లైట్‌రూమ్ ఉంటే రా ఫైళ్ళని కలిపి రా లాంటి ఫైలే ఇస్తుంది, తేలిక, కానీ మాస్క్ ఇవ్వదు. దాంట్లో బౌండరీ వార్ప్ స్లైడర్ వంద దాకా లాగితే అంచులు నిండుతాయి గాని కొండలు వంగిపోతాయి, నేను ఇరవై ముప్పై దాటను. ఐసీఈ అని మైక్రోసాఫ్ట్‌ది ఉచితంగా ఉండేది, వాళ్ళే ఆపేసినారు. నీ జబ్బుకి మందు హగిన్‌లోనే ఉంది.

పైన చెప్పినట్టు ఆరు ఫోటోలతో చేసి చూడు. అప్పటికీ బండ రెండుగానే ఉంటే జెపెగ్ పంపొద్దు, హగిన్ సేవ్ చేసే పీటీఓ ఫైలు పంపు, అది ఉత్త అక్షరాలూ అంకెలే, కొన్ని కేబీలే ఉంటుంది, దాంతోపాటు 5, 7 ఫోటోలు చిన్న సైజులో కాదు, ఒరిజినల్ సైజులోనే పంపు. ఆదివారం ముహూర్తాలు లేవు, కూర్చుని చూస్తా.